గోడ బీరువాకు ఏ రంగు?

పండుగ సమీపించినంతనే ఇంటికి వెల్ల వేయించుట మన వాడుక. వీధిగదికి ఏ రంగు, వసారాకు ఏ రంగు అని ఇంటిల్లిపాదియు కూడి చర్చింతురు. గోడ బీరువా మాట వచ్చునప్పటికి, మిగిలిన రంగేదో పూసివేయుమని పనివానితో చెప్పి ఊరకుందురు. తలుపు మూసిన ఎవరికిని కనబడదు గదా!

మేమును ఒకప్పుడు అట్లే చేసితిమి. మిగిలిపోయిన ముదురు ఆకుపచ్చ రంగును లోపల పూయించితిమి. ఆ చీకటిలో మా యింటి పెద్దావిడ దగ్గుమందనుకొని నొప్పులకు రాయు తైలపు సీసాను చేతికి తీసికొన్నది. మూత తీయగానే వాసన పట్టియిచ్చినది గనుక గండము గడచినది. ఇతరులకు కనబడని చోటనే మనకు చక్కగా కనబడు రంగు కావలెనని ఆనాడు గ్రహించితిమి.

తప్పు ఆమెది కాదు. వయసు మీఱినకొలది కంటిపాప చిన్నదగును; కంటిలోని కటకము పసుపుబారును. 20 ఏండ్లవారి కంటిలోపలికి చేరు వెలుతురులో సుమారు మూడవ వంతు మాత్రమే 60 ఏండ్లవారికి చేరును. బీరువాకు కిటికీ ఉండదు. గదిలోని వెలుతురే లోపలికి పోయి, గోడలను తాకి మరలి రావలెను. మంచి తెల్లని గోడ తనపై పడిన వెలుతురులో నూటికి 80 పాళ్లవరకు తిరిగి యిచ్చును. ముదురు రంగు అధికభాగమును మ్రింగివేయును. కావున లోపల లేతరంగే యుక్తము. చెమ్మ మరకలు, చెదలు త్రోవలు కూడ లేతరంగుపై వెంటనే బయటపడును.

అట్లని అంతయు తెలుపే వేసిన వేఱొక చిక్కు. తెల్లని పంచెలు, తువాళ్లు తెల్లగోడలో కలిసిపోవును. లేత పసుపుగాని మీగడ రంగుగాని వేసి, అరల అంచులకు మాత్రము ఎఱ్ఱమట్టి రంగు గీత దీర్చిన, అర ఎక్కడ ముగియునో కంటికి తెలియును.

శ్రోతలారా, దుకాణములోని వెలుతురును నమ్మి రంగు నిశ్చయింపకుడు. బీరువాలోనే జానెడు మేర పూసి, ఆరనిచ్చి, రాత్రి దీపము వెలుతురున చూడుడు. పసుపుచాయ దీపము క్రింద లేత నీలము మాసినట్లు తోచును.

సున్నము చౌక, బూజును అంతగా పట్టనీయదు. కాని బట్టలకు అంటును. దాని క్షారము పట్టును చెఱచును. పట్టుచీరలుంచు అరలకు చేతికంటని రంగు వేసి, వాసన పోవువరకు తలుపులు తెరచియుంచి, ఆపైననే చీరలు సర్దవలెను.

ఇంకొక ముఖ్యమైన మాట. ప్రాత యిండ్ల నూనెరంగులలో సీసము ఉండవచ్చును. ఆ ధూళి పసిపిల్లల మెదడునకు హాని. 2016లో చేసిన నియమముల ననుసరించి, 2017 నవంబరు 1 నుండి మన దేశమున తయారగు ఇంటిరంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. అంతకు ముందటి రంగును పొడిగా గీకింపరాదు. పిల్లలను దూరముగ నుంచి, తడిపి గీకించి, నేలను తడిగుడ్డతో తుడిపింపవలెను.

మా బీరువా లోపల ఇప్పుడు మీగడ రంగు. తైలములకు వేఱొక అర ఏర్పరచితిమి. వచ్చిన బంధువులెవ్వరును ఆ రంగును చూచి మెచ్చుకొనలేదు. పెద్దావిడ మాత్రము ఎవరిని పిలువక తన మందుసీసాను తానే తీసికొనుచున్నది.