దారి మళ్లిన అర్జీ: అంతర్యుద్ధానికి ముందు ఇంగ్లండులో కరపత్రాలు, మహజర్లు (1640–1642)

1642 ఆగస్టు 22న ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ నాటింగ్‌హామ్‌లో తన యుద్ధపతాకాన్ని ఎత్తేనాటికి ఆ దేశ ప్రజలు రెండు పక్షాలుగా చీలి ఉన్నారు. ఆ చీలికకు కారణాలను చరిత్రగ్రంథాలు పన్నుల్లోనూ, మతవివాదాల్లోనూ, రాజు మొండిపట్టులోనూ చూపుతాయి; అవేవీ కాదనదగినవి కావు. అయితే పార్లమెంటు అనుమతి లేకుండా రాజు వసూలు చేసిన నౌకాపన్ను మీద కోపమూ పాత ప్రార్థనాగ్రంథం మీద భక్తీ ఒకే మనసులో పెట్టుకొని బతికిన మనుషులు ఆ దేశంలో లక్షలాదిగా ఉండగా, వారంతా ఏదో ఒక వైపు నిలబడక తప్పని స్థితి రెండేళ్లలోపే ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఆ కారణాలు పూర్తి సమాధానం చెప్పవు. ఆ రెండేళ్లలో వారి చేతుల్లోకి వచ్చిన కాగితాలే, అంటే కరపత్రాలూ మహజర్లూ, వారిని ఆ స్థితికి తెచ్చాయన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం. కరపత్రాల గురించి విస్తారంగా రాసినవారు ఉన్నారు. మహజరు అచ్చుకెక్కినప్పుడు దాని స్వభావం ఎలా మారిందన్నది అంతకంటే శ్రద్ధగా చూడవలసిన సంగతి.

మహజరు అంటే పలువురు కలిసి సంతకాలు పెట్టి పైవారికి సమర్పించుకొనే విన్నపం. ఇంగ్లండులో నిరుపేద వితంతువు మొదలు వర్తకశ్రేణి వరకు ఎవరైనా తమ బాధను రాజుకో, మంత్రిమండలికో, పార్లమెంటుకో విన్నవించుకోవడం చాలా పాత ఆచారం. అయితే దానికి కట్టుబాట్లు ఉండేవి. అందులో గోడు చెప్పుకోవాలే గాని ఫలానా చట్టం చెయ్యమని నిర్దేశించకూడదు. చెప్పుకొనేవారికి ఆ గోడుతో నేరుగా సంబంధం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ మాట విన్నవించినవారికీ విన్నవారికీ మధ్యనే ఉండాలి గాని బజారుకెక్కకూడదు. ఈ వినయభాష తెలుగువారికి కొత్తది కాదు. గాజుల లక్ష్మీనరసు చెట్టి నాయకత్వాన మద్రాసు నేటివ్ అసోసియేషన్, రైతుల పన్నుల భారాన్ని వివరిస్తూ 1852లో ఇదే బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన మహజరులో కనిపించేది కూడా, పైవారికి తెలిస్తే అన్యాయం సరిదిద్దబడుతుందన్న ఆ నమ్మకమే.

ఆనాటి ఇంగ్లండులో మహజర్ల కట్టుబాట్ల కంటే ముద్రణ మీద అదుపు గట్టిది. 1557లో రాజశాసనం పొందిన స్టేషనర్స్ కంపెనీ, అంటే లండన్ పుస్తకవర్తకుల, ముద్రాపకుల శ్రేణి, అచ్చయ్యే ప్రతిదాన్నీ తన చిట్టాలో నమోదు చేయించేది. రాజు తరఫున రాజద్రోహాది నేరాలను విచారించే స్టార్ చాంబర్ న్యాయస్థానం 1637లో ఒక ఉత్తర్వు ద్వారా లండన్ అచ్చుకూటాల యజమానుల సంఖ్యను ఇరవైకి కుదించి, ప్రతి పుస్తకానికీ ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. అదే ఏడు బిషప్పులను విమర్శించిన నేరానికి విలియం ప్రిన్ అనే న్యాయవాది, హెన్రీ బర్టన్ అనే మతబోధకుడు, జాన్ బాస్ట్‌విక్ అనే వైద్యుడు వెస్ట్‌మినిస్టర్‌లో బొండకొయ్య దగ్గర, జనం చూస్తుండగా, చెవులు కోయించుకున్నారు. ప్రిన్‌కు అది రెండోసారి; మొదటి శిక్షలో మిగిలిన భాగాన్ని ఈసారి కోశారు. స్కాట్లండుతో యుద్ధంలో ఓడి, డబ్బు లేక 1640 నవంబరు 3న చార్లెస్ పార్లమెంటును సమావేశపరచవలసి వచ్చాక ఆ ముగ్గురికీ విడుదల లభించింది. ప్రిన్, బర్టన్ నవంబరు చివర లండన్‌లో అడుగుపెట్టినప్పుడు వేలాదిమంది టోపీల్లో రోజ్‌మేరీ కొమ్మలు తురుముకొని ఎదురేగారు. మరుసటి ఏడు జూలైలో స్టార్ చాంబర్ రద్దయింది. దానితో పాటే అనుమతుల వ్యవస్థా కూలిపోయింది.

అప్పుడు వచ్చిన వరదను కొలవడానికి ఒక సాధనం ఉంది. సెయింట్ పాల్ దేవాలయ ప్రాంగణంలో పుస్తకాల దుకాణం నడిపిన జార్జ్ థామసన్ 1640 నుంచి 1661 వరకు చేతికందిన ప్రతి కరపత్రాన్నీ సేకరించి, చాలావాటి ముఖపత్రం మీద అది తనకు దొరికిన తేదీని సిరాతో రాసిపెట్టాడు. సుమారు 22 వేల ముద్రిత పత్రాలున్న ఆ సంపుటి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో 1640 నాటివి ఇరవై పైచిలుకు మాత్రమే కాగా, 1641 నాటివి ఏడు వందలు దాటాయి. 1642 నాటివి రెండు వేలకు దగ్గరగా ఉన్నాయి. కరపత్రమంటే ఇక్కడ ఒంటికాగితం కాదు. ఒక పెద్ద తావును రెండుసార్లు మడిస్తే నాలుగు ఆకులు, ఎనిమిది పుటలు వస్తాయి. అలాంటి తావు ఒకటో రెండో దారంతో కుట్టి, అట్ట లేకుండానే ఒకటి రెండు పెన్నీలకు అమ్మేవారు. పెట్టుబడి తక్కువ, అచ్చు త్వరగా పూర్తవుతుంది, అధికారులు వచ్చేసరికి సరుకు వీధుల్లో తిరిగి అమ్మేవారి సంచుల్లోకి చేరిపోతుంది. ఈస్ట్‌చీప్‌లో కొయ్య తరిమెన పట్టుకొని జీవించిన నెహెమయా వాలింగ్టన్ అనే భక్తుడు ఇవి తన డబ్బును దొంగల్లా దోచుకుపోయాయని నోటుపుస్తకంలో నొచ్చుకుంటూనే వాటిని కొని, చదివి, వాటిలోని వార్తలను పుటలకు పుటలు ఎత్తిరాసుకున్నాడు. ప్రభుత్వ వ్యవహారాలు రాజుకూ ఆయన ఆంతరంగికులకూ మాత్రమే తెలియవలసిన రహస్యాలన్న భావన ఇలాంటి చేతిపనివారి ఇళ్లలో సడలిపోయింది.

ఈ కరపత్రాల్లో అబద్ధాలు ఉండేవా అంటే, విపరీతంగా ఉండేవి. 1641 అక్టోబరులో ఐర్లండులో కేథలిక్కుల తిరుగుబాటు మొదలైనప్పుడు నిజంగానే వేలమంది ప్రొటెస్టెంట్లు చనిపోయారు. లండన్‌లో అచ్చయిన కథనాలు ఆ సంఖ్యను లక్షకు మించి పెంచి, చెక్కబొమ్మలతో సహా ఇంటింటికీ చేర్చాయి. 1642 జనవరిలో పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభ జరిపిన విచారణలో, కేంబ్రిడ్జ్‌లో చదువుకొన్న యువకులు ఒక్కో రాతకు అరక్రౌను, అంటే రెండున్నర షిల్లింగులు పుచ్చుకొని కట్టుకథలను ముద్రాపకుడికి అమ్ముకున్నట్టు బయటపడింది. అయినా ఈ అబద్ధాలే యుద్ధాన్ని తెచ్చాయనడం సరికాదు. అబద్ధపు వార్త భయాన్ని పుట్టిస్తుంది. భయపడిన మనిషి ఇంట్లో తలుపు వేసుకొనీ కూర్చోవచ్చు. అతన్ని బయటికి రప్పించి, పేరు రాయించి, లెక్కలోకి తెచ్చింది మహజరు.

1640 డిసెంబరు 11న లండన్ పౌరులు దాదాపు పదిహేను వేల సంతకాలతో, బిషప్పుల పాలనను వేళ్లూ కొమ్మలతో సహా పెకలించాలని కోరుతూ కామన్స్ సభకు ఇచ్చిన అర్జీ పాత కట్టుబాట్లన్నిటినీ ఒక్కసారిగా దాటింది. అది గోడు చెప్పుకోవడంతో ఆగక చికిత్సను నిర్దేశించింది. ఒక్కరి బాధ కాక మొత్తం వ్యవస్థ గురించి మాట్లాడింది. దాన్ని మోసుకొచ్చినవారి వెంట వెయ్యిమందికి పైగా జనం వచ్చారు. ఆ తరువాత కౌంటీలు, అంటే జిల్లాలవంటి విభాగాలు, వంతులవారీగా ఇదే దారి పట్టాయి. ఆదివారం ప్రసంగం ముగిశాక మతాచార్యుడే అర్జీని చదివి వినిపించడం, చర్చిలోనే సంతకాలు తీసుకోవడం, రాయడం రానివారు గుర్తు వేయడం అనేకచోట్ల జరిగిన తీరు. అందరూ ఒకరినొకరు ఎరిగిన ఊళ్లో, అందరి కళ్ల ముందు, సంతకం చెయ్యకపోవడం కూడా ఒక ప్రకటనే అయింది. 1642 ఫిబ్రవరిలో లండన్ కూలీలూ బరువులు మోసేవారూ తమ పేరిట అర్జీ పెట్టారు; ఆ నెల 4న బీరు కాచే వర్తకుడి భార్య ఆన్ స్టాగ్ ముందుండగా స్త్రీలు తమ మహజరు తెచ్చినప్పుడు, కామన్స్ నాయకుడు జాన్ పిమ్ స్వయంగా గుమ్మం దగ్గరకు వచ్చి దాన్ని సభ అంగీకరించిందని చెప్పి పంపాడు. ఆ స్త్రీల పేర్లలో ఎన్నో చరిత్రకు మిగలలేదు, కాని రాజ్యవ్యవహారం తమకూ సంబంధించిందని వారు ఆ గుమ్మం దాకా వచ్చి చెప్పిన మాట మాత్రం అచ్చులో నిలిచింది.

పార్లమెంటు తానే జనంవైపు తిరిగి మాట్లాడటం ఈ మార్పులో నిర్ణాయకమైన మలుపు. రాజు దుష్పరిపాలనను రెండు వందలకు పైగా అంశాల్లో ఏకరువు పెట్టిన మహాభ్యర్థనపత్రం 1641 నవంబరు 22 అర్ధరాత్రి దాటాక 159కి 148 ఓట్లతో నెగ్గింది. సభలో కత్తుల పిడుల మీద చేతులు పడేంతగా ఉద్రిక్తత పెరిగినది ఆ ఓట్ల లెక్కింపు దగ్గర కాదు, దాన్ని అచ్చు వేయించాలన్న ప్రస్తావన దగ్గర. కెంట్ కౌంటీ సభ్యుడు సర్ ఎడ్వర్డ్ డెరింగ్ ఆ చర్చలో, అభ్యర్థన అనేది పైకి చెప్పుకోవలసింది గాని కిందికి దిగి రాజును ఎవరో మూడోమనిషిలా వర్ణిస్తూ ప్రజలకు కథలు చెప్పడమేమిటని ఆవేదనపడ్డాడు. డెరింగ్‌ను పాతకాలపు మనిషిగా కొట్టివేయడం తేలిక. కాని ఏమి జరుగుతున్నదో ఆ సభలో అంత స్పష్టంగా చూసినవారు అరుదు: కాగితం మీద సంబోధన రాజుకే ఉన్నా, అసలు చదువరి మారిపోయాడు. డిసెంబరు 15న సభ ముద్రణకు అనుమతించింది. తనను ఎదిరించిన అయిదుగురు సభ్యులను బంధించడానికి రాజు సాయుధులతో 1642 జనవరి 4న కామన్స్‌లోకి వెళ్లి, వట్టిచేతులతో తిరిగివచ్చిన మరునాడు, లండన్ నగరంలో ఆయన బండి వెళుతుండగా ఇనుపసామాను వర్తకం వదిలి కరపత్రాలు రాయడం మొదలుపెట్టిన హెన్రీ వాకర్ తన కరపత్రాన్ని నేరుగా ఆ బండిలోకే విసిరాడు. మోకాళ్ల మీద అందించవలసిన కాగితం ఇప్పుడు కిటికీలోంచి వచ్చి పడింది.

డెరింగ్ కథ అక్కడితో ముగియలేదు. సభలో చేసిన ప్రసంగాలను తానే పుస్తకంగా అచ్చు వేయించి, అచ్చును ఖండించిన అదే మనిషి అచ్చును ఆశ్రయించగా, 1642 ఫిబ్రవరిలో కామన్స్ ఆయనను బహిష్కరించి, లండన్ టవర్ చెరసాలకు పంపి, పుస్తకాన్ని తలారి చేత తగలబెట్టించింది. మార్చి 25న మెయిడ్‌స్టోన్‌లో న్యాయమూర్తుల విడత విచారణల సందర్భంగా, ఆయనతో పాటు సర్ రోజర్ ట్విస్డెన్ మొదలైన కెంట్ పెద్దలు బిషప్పులనూ ప్రార్థనాగ్రంథాన్నీ నిలపాలని, సైన్యనిర్వహణ రాజు, పార్లమెంటు కలిసి చేసిన చట్టం ప్రకారమే జరగాలని ఒక మహజరు సిద్ధం చేశారు. పదిహేను నెలల కిందట లండన్ పౌరుల అర్జీని స్వీకరించిన పార్లమెంటు ఈ అర్జీని కూడా తలారి మంటల్లోకి పంపింది, రాసినవారిని నిర్బంధించమంది. ఏప్రిల్ 30న దాన్ని మళ్లీ తెచ్చిన వందలాదిమందికి నాయకుడైన యువకవి రిచర్డ్ లవ్‌లేస్ గేట్‌హౌస్ చెరసాలకు వెళ్లాడు.

రాజుపక్షం తీరూ ఇంతకంటే మెరుగు కాదు. జూన్ 3న యార్క్ వెలుపల హేవర్త్ మైదానానికి చార్లెస్ ఆ కౌంటీ భూస్వాములను పిలిపించినప్పుడు, పదుల వేలలో చేరిన జనంలో అనేకులు రాజు పార్లమెంటుతో రాజీపడాలని, సేనను సమకూర్చవద్దని కోరే మహజరు పట్టుకొని వచ్చారు. పరివారం వారిని తోసివేయగా, ముప్పై ఏళ్ల సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్ గుర్రాల మధ్యనుంచి ముందుకు చొచ్చుకొచ్చి ఆ కాగితాన్ని రాజు జీను ముందుకొమ్ము మీద పెట్టాడు. రాజు గుర్రాన్ని అదిలించాడు. ఫెయిర్‌ఫాక్స్ దాని కాళ్ల కింద పడబోయి తప్పుకున్నాడు. ఆ రోజు ఆయన విద్రోహి కాడు. రాజు మాట వింటాడని నమ్మి వచ్చిన అర్జీదారుడు. మూడేళ్ల తరువాత, 1645 జూన్‌లో, నేస్బీ యుద్ధంలో చార్లెస్‌ను ఓడించిన పార్లమెంటు సేనకు అధిపతి ఆయనే.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే 1642లో చెడినది ఏమిటో తెలుస్తుంది. సంతకాల సంఖ్యే ప్రజాభిప్రాయమని ఇరుపక్షాలూ చాటాయి. ఎదుటివారి సంతకాలు మాత్రం మోసపుచ్చి తీసుకున్నవని, అల్లరిమూకలవని, అమాయకులవని తోసిపుచ్చాయి. తనకు నచ్చని అర్జీని వినడమే పాలనలో కష్టమైన భాగం. రాజూ పార్లమెంటూ ఇద్దరూ ఆ భాగంలోనే తప్పారు. ఆ వేసవిలో హెన్రీ పార్కర్ అనే న్యాయవాది, అధికారం మొదట ప్రజల నుంచే పుట్టిందని, ఆ ప్రజలంటే పార్లమెంటేనని వాదించి రాజుపక్షానికి సమాధానం రాశాడు. ప్రజాస్వామ్యభావనకు అది గొప్ప మెట్టు. అదే సమయంలో, పార్లమెంటే ప్రజలైనప్పుడు కెంట్ నుంచి వచ్చినవారు ఎవరన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. రాజు తరఫున ఎడ్వర్డ్ హైడ్ రాసిన ప్రకటనలు యార్క్‌కు తరలించిన అచ్చుకూటంలో ముద్రితమై చర్చిల్లో చదవబడేవి. పార్లమెంటు జవాబులు కూడా అదే వేదిక మీద నుంచి వినబడేవి. వినే గ్రామీణుడు రెండిటికీ ఆమెన్ అనలేడు.

రెండు పక్షాలకూ చెందకుండా రాజీని కోరిన అర్జీలు ఆ ఏడాదంతా వస్తూనే ఉన్నాయి. వాటి మాటలు ముక్తసరిగా, భయంభయంగా ఉంటాయి గనుక చరిత్రకారులు వాటిని తక్కువగా ఉటంకిస్తారు. ఆ కాలపు ఇంగ్లండులో ఎక్కువమంది మనసు వాటిలోనే ఉందనడం న్యాయం. యుద్ధం మొదలయ్యాక కూడా 1642 డిసెంబరులో చెషైర్ కౌంటీ పెద్దలు బన్‌బరీలో కలుసుకొని తమ కౌంటీలో ఇరుపక్షాల సేనలనూ రద్దుచేసుకొంటామని ఒప్పందం రాసుకున్నారు. పార్లమెంటు అది చెల్లదంది.

యుద్ధం తరువాత కూలిపోయిన రాజరికం తిరిగి నెలకొన్న మరుసటి ఏడు, 1661లో, కొత్త పార్లమెంటు అల్లరి అర్జీలను అరికట్టే చట్టం చేసింది. రాజ్యంలోనో మతవ్యవస్థలోనో చట్టబద్ధంగా ఉన్నదాన్ని మార్చమని కోరే విన్నపం మీద ఇరవైమందికి మించి సంతకాలు పెట్టించాలంటే, కౌంటీలోని ముగ్గురు న్యాయాధికారులో, గ్రాండ్ జ్యూరీలో అధికసంఖ్యాకులో ముందుగా ఒప్పుకోవాలి. దాన్ని సమర్పించడానికి పదిమందికి మించి వెళ్లకూడదు. మీరినవారికి నూరు పౌండ్ల దాకా జరిమానా, మూడు నెలల చెర. మరుసటి ఏడు అచ్చుకూటాల అనుమతి చట్టమూ వచ్చింది. కరపత్రం కంటే ముందుగా కట్టడి చేయవలసింది మహజరునేనని ఆ సభ ఎంచింది. ఆ సభలో కూర్చున్న పలువురు ఇరవై ఏళ్ల కిందట స్వయంగా సంతకాలు సేకరించినవారే.