బస్సూ క్యాంపసే
(రాప్తాడు సదస్సులో అధ్యక్షోపన్యాసం)



సదస్సు రాప్తాడులో అనగానే మనవాళ్లే కొందరు మూతి విరిచారు. పక్కనే అనంతపురం ఉంది, విశ్వవిద్యాలయాలున్నాయి, ఏసీ హాళ్లున్నాయి, ఈ మండల కేంద్రంలో ఏముందని అడిగారు. ఇక్కడ బస్టాపు ఉంది. పొద్దున కాలేజీ వేళకు హైవే పక్కన నిలబడి చూడండి. ఆటోల్లో వచ్చి దిగిన ఆడపిల్లలు బస్సు కనబడగానే వీపు మీది బ్యాగు తీసి ముందుకు తగిలించుకుంటారు. చున్నీకున్న పిన్నీసు ఊడదీసి వేళ్ల సందున పట్టుకుంటారు. ఇది ఏ వర్క్‌షాపులోనూ మనం చెప్పింది కాదు. సీనియర్లను చూసి జూనియర్లు పట్టేసిన విద్య.

లైంగిక వేధింపుల మీద 2015 నాటి యూజీసీ నిబంధనలు మీకు కంఠోపాఠమే, మళ్లీ వల్లె వేయను. అంతర్గత ఫిర్యాదుల కమిటీలో డీన్లు, శాఖాధిపతులు ఉండకూడదని, విద్యార్థుల వ్యవహారమైతే విద్యార్థులు ఎన్నుకున్న ప్రతినిధులుండాలని అందులో ఉంది. మన దగ్గర ఎన్నిక ఎలా జరుగుతుందో మీకు తెలుసు. ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి, "నీ పేరు రాస్తున్నాం తల్లీ, సంతకం పెట్టు" అంటే అయిపోయినట్టే. తనిఖీకి నాక్ బృందం వస్తోందంటే కమిటీ పేర్లతో కొత్త ఫ్లెక్సీ వేలాడుతుంది, అందులో బదిలీ అయి రెండేళ్లయిన మేడమ్ పేరు కూడా ఉంటుంది. దీని మీద మీలో చాలామంది పత్రాలు చదవబోతున్నారు, చదవండి. నా గొడవ వేరు.

ఆ నిబంధనల్లో క్యాంపస్ అంటే ఏమిటో చెప్పిన చోట మనం ఎప్పుడూ ఆగం. గదులు, హాస్టళ్లు, క్యాంటీన్లతో అది అయిపోలేదు. విద్యార్థిగా వెళ్లే చోట్లు, స్టడీ టూర్లు, ఇంటర్న్‌షిప్పులు, కాలేజీకి వచ్చిపోవడానికి కల్పించిన రవాణా, అన్నీ క్యాంపస్సేనని రాసి ఉంది. కాలేజీ బస్సు సంగతిలో తగాదా లేదు. ఆర్టీసీ బస్సో? విద్యార్థి పాసుకు కాలేజీ ధ్రువీకరణ ఉంటుంది కనక, ఆ పాసు మీద నడిచే ప్రయాణం కాలేజీ కల్పించిందేనని ఏళ్ల తరబడి వాదిస్తున్నాను. వకీలు మిత్రులు నవ్వుతూనే ఉన్నారు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగులో ఆధార్ చూపిస్తే ఆడపిల్లకు సున్నా టికెట్టు. పాసుతో పనేముంది? "మేడమ్, మీ వాదనకు కాలు విరిగింది" అని వారిలో ఒకాయన ఫోన్ చేసి మరీ చెప్పారు. విరగలేదు. విద్యార్థిగా వెళ్లే చోటు అన్న మాట ఇంకా అక్కడే ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల పొద్దున్నే రికార్డు పుస్తకం పట్టుకుని ఆ బస్సు ఎక్కింది విద్యార్థిగా కాక మరెలా? చెయ్యి వేసినవాడు అదే కాలేజీ మూడో సంవత్సరం వాడైనప్పుడు, గేటు బయట జరిగింది మాకు సంబంధం లేదనడానికి కమిటీకి నోరెలా వస్తుంది?

ఇది నా చాదస్తమనే పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు. వారు ఎప్పుడూ కార్లలో వస్తారు కాబట్టి కోపం లేదు.

ఈ సీమలో ఆ బస్సు ఎందుకంత ముఖ్యమో చెబుతాను. వేరుశనగ పోయిన ఏడు అమ్మానాన్నా బెంగళూరుకు పనికి పోతారు. పిల్ల అవ్వ దగ్గరుండి చదువుకుంటుంది. బస్సులో ఇట్లా జరిగిందని ఇంట్లో అంటే ఆ మాటకు మొదట తెగేది చదువే. "ఇంగ చాల్లే పాప, ఇంటికాడ ఉండు" అంటారు, ఆ వెనకే సంబంధం చూస్తారు. అందుకే పిల్ల చెప్పదు. అదీ తెలియక, మూడు నెలల గడువులోగా రాతపూర్వకంగా ఎందుకు ఇవ్వలేదని అడిగే కమిటీ పెద్దలను చూశాను. గడువు మరో మూడు నెలలు పొడిగించవచ్చన్న ముక్క వారికి గుర్తుండదు.

కరాటే శిబిరాల మిత్రులు నన్ను క్షమించనక్కర్లేదు. ఫొటోలు బాగా వస్తాయి, ఒప్పుకుంటాను. తన్నడం ఆడపిల్లకు నేర్పి, పక్క సీట్లో పిల్లాడికి ఏమీ చెప్పకుండా, డ్రైవరును, క్లీనరును ఒక్క తరగతికీ పిలవకుండా వచ్చేశాక దాన్ని నివారణ అనడం మాత్రం నాకు చేతకాదు. ఇక రాజీలు చేయించే మిత్రులకు ఒక్క మాట. రాజీ కోరవలసింది ఫిర్యాదు చేసిన అమ్మాయి, డబ్బు మీద రాజీ కుదరదు. రచ్చబండ పద్ధతులు స్టాఫ్ రూములోకి తేకండి.

విచారణ చేయడం ఒక పని, దాన్ని నేర్చుకోవాలి. గోవా విశ్వవిద్యాలయం ఆచార్యుడి మీది వేధింపుల కేసులో 2023 మే 12న సుప్రీంకోర్టు ఏం చేసిందో గుర్తుందిగా. కమిటీ ఆదరాబాదరాగా విచారణ ముగించి అతనికి చెప్పుకునే అవకాశం సరిగా ఇవ్వలేదని తొలగింపును కొట్టేసింది. తొందర వల్ల నష్టపోయింది ఎవరు? ఏళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసిన అమ్మాయిలు. రెండో వైపు 2025 జూలైలో బాలాసోర్ ఫకీర్ మోహన్ కళాశాల విద్యార్థిని. వేధింపుల మీద ఫిర్యాదు చేసింది, న్యాయం కోసం తిరిగింది, చివరికి క్యాంపస్‌లోనే నిప్పంటించుకుని చనిపోయింది. ఈ రెండు కేసుల పేర్లూ తెలియని కమిటీ అధ్యక్షులు మన జిల్లాలో ఉండకూడదు.

మన మహిళా ఉద్యమ చరిత్ర రాసేవాళ్లకు హైదరాబాద్ దాటితే చూపు ఆనదు. 1974లో ఉస్మానియాలో ప్రగతిశీల మహిళా సంఘం పిల్లలు వేధింపుల మీద, అశ్లీల పోస్టర్ల మీద వీధిలోకి వచ్చిన సంగతి అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది, ఉండాలి కూడా. అదే కాలంలో ఈ కరువు నేల మీద హాస్టల్ గోడ దూకి వచ్చినవాణ్ణి పట్టుకుని వార్డెన్ ఇంటిదాకా నడిపించిన అమ్మాయిల సంగతి ఎవరు రాశారు? ముసలివాళ్లయ్యారు. టేపు రికార్డరైనా పట్టుకుని పోండి. యువ పరిశోధకులకు ఇదొక్కటే నా వినతి.

పాఠ్యపుస్తకం విషయంలో మాత్రం హైదరాబాదుకు దండం పెడతాను. అక్కడి అన్వేషి సంస్థ మిత్రులు కూర్చిన ద్విభాషా జెండర్ పాఠ్యపుస్తకాన్ని 2015లో తెలుగు అకాడమీ వేసింది, అక్కడి ఇంజినీరింగ్ పిల్లలు చదివారు. అందులో ఇంటి పనీ ఉంది, కులమూ ఉంది. మగపిల్లలతో తెలుగులో మాట్లాడవచ్చని అది చూపించింది. చదివినవాళ్లు చేతులెత్తమని అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. మన యాసలో మన పల్లె బస్సుల ఉదాహరణలతో అలాంటిదొకటి రాయమని పదేపదే అడుగుతున్నాను. నిధులు లేవంటారు. ఫ్లెక్సీలకు ఉన్నాయి.

సాయంత్రం తీర్మానాల వేళ నా ప్రతిపాదన ఇది. జిల్లాలోని ప్రతి కాలేజీ తన పిల్లలు ఎక్కే రూట్ల జాబితా రాసి కమిటీ గది తలుపుకు అంటించాలి. ప్రతి రూటుకూ ఆ బస్సులోనే వచ్చే ఇద్దరు విద్యార్థినులను పిల్లలే ఎన్నుకోవాలి. ఆర్టీసీ డిపో మేనేజర్లతో కమిటీ టర్ముకొకసారి కూర్చోవాలి, డ్రైవర్లు, కండక్టర్లు కూడా రావాలి. వకీలు మిత్రులు అభ్యంతరం చెబుతారు. భోజనాల తర్వాత చెప్పమనండి, నేను ఇక్కడే ఉంటాను.