పేర్లు వ్రాసి దాచిన విలియం స్టిల్



గ్రంథాలయ రజతోత్సవమున మాటాడుమని కార్యదర్శిగారు కోరగా, నేనే మహాకవిని గూర్చియో ప్రసంగింతునని మీరు తలచియుందురు. నేడు ఒక గుమాస్తాను గూర్చి చెప్పెదను. ఆయన విలియం స్టిల్ అను నల్లజాతీయుడు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, బానిసత్వ నిర్మూలన సంఘ కార్యాలయములో 1847లో కొలువునకు చేరెను.

ఆ దినములలో దక్షిణ రాష్ట్రములందు నల్లజాతివారిని పశువులవలె సంతలో అమ్ముచుండిరి. తప్పించుకొని ఉత్తరమునకు పారిపోవువారిని ఇంటినుండి ఇంటికి చేర్చు ధర్మాత్ములు కొందరుండిరి. ఈ యేర్పాటునకు భూగర్భ రైలుమార్గమని పేరు. పేరే గాని, అందు రైలూ లేదు, సొరంగమూ లేదు. కాలినడక, బండి, పడవ, చీకటి, ఇవియే సాధనములు. 1850 నాటి చట్టము ప్రకారము, పారిపోయినవానికి ఆశ్రయమిచ్చినవారికి ఆరు నెలల వరకు ఖైదు, వేయి డాలర్ల వరకు జుల్మానా.

ఆ సంవత్సరము ఆగస్టులో పీటర్ అను పెద్దవయస్కుడొకడు ఆ కార్యాలయమునకు వచ్చెను. యూదు వర్తకులగు ఇరువురు సోదరుల సాయమున, తన కష్టార్జితము 500 డాలర్లు చెల్లించి, అలబామా రాష్ట్రమున దాస్యవిముక్తి పొందినవాడు. నలువది యేండ్లకు పూర్వము తప్పిపోయిన తల్లిని వెదకుచుండెను. తల్లిదండ్రుల పేర్లు చెప్పెను. అవి విలియం తల్లిదండ్రుల పేర్లే! ఆ తల్లి ఒకమారు నలుగురు బిడ్డలతో పారిపోయి పట్టుబడినది. రెండవమారు ఆడపిల్లలనిరువురనే తీసికొని, నిద్రించుచున్న కొడుకులనిరువురను విడిచి వెడలినది. విలియం ఆ తరువాత పుట్టినవాడు. పీటరుతోడి రెండవ బాలుడు దాస్యముననే మరణించెను. వృద్ధురాలైన తల్లిని మాత్రము పీటర్ మరల చూడగలిగెను.

అయితే పీటర్ భార్యయు, ముగ్గురు బిడ్డలును ఇంకను అలబామాలోనే యుండిరి. సెత్ కాంక్లిన్ అను తెల్లవాడు, వారికేమియు కానివాడు, 1851లో స్వయముగా పోయి వారిని రేయింబవళ్లు పడవమీద నడిపించుకొని ఇండియానా వరకు తెచ్చెను. అచ్చట అందరు పట్టుబడిరి. వారిని వెనుకకు గొనిపోవు దారిలో కాంక్లిన్ గొలుసులతో నదిలో శవమై తేలెను. పీటర్ ఊరూర తిరిగి 5000 డాలర్లు చందాలు కూర్చి, 1854 నాటికి గాని వారిని విడిపించుకొనలేకపోయెను.

సోదరుని చూచిన పిమ్మట విలియం తన కడకు వచ్చిన ప్రతివాని పేరు, వయస్సు, యజమాని పేరు, వెనుక విడిచిన ఆలుబిడ్డల పేర్లు, క్రొత్తగా పెట్టుకొన్న మారుపేరు మరింత శ్రద్ధగా వ్రాయసాగెను. మారుపేరుతో బ్రదుకువానిని బంధువులెట్లు పోల్చుకొందురు? కాని ఆ కాగితములే శత్రువుల చేతబడినచో అందరికిని ఉరిత్రాళ్లగును. భయపడి తమ పత్రములను తగులబెట్టిన సహాయకులు పెక్కురు. వారిని నేను నిందింపను. విలియం తగులబెట్టలేదు, ఒక శ్మశానవాటిక భవనమున దాచెను.

బానిసత్వము 1865లో రద్దయిన తరువాత, 1872లో ఆ పత్రములు గ్రంథముగా వెలువడెను. దుకాణములకు విడువక, తానే మనుష్యులను నియమించి, ఇంటింట చందాదారులను చేర్పించి ఆయన దానిని అమ్మించెను.