బరువు గురించి ఒక సవరణ

 

నాది 1984 బ్యాచ్. వృత్తి స్ట్రక్చరల్ ఇంజనీరింగు. భౌతికశాస్త్రం సరదా మాత్రమే. ఆ సరదాతోనే ఇదే హాల్లో ఒక తప్పు చేశాను. 2012 జూలైలో సెర్న్ శాస్త్రవేత్తలు హిగ్స్ కణం దొరికిందని ప్రకటించారు. ఆ ఊపులో ఇక్కడికొచ్చి, వస్తువులన్నిటి బరువూ దానివల్లేనని పిల్లలకు చెప్పాను. పదో తరగతి అమ్మాయి లేచి "నా నలభై కిలోలూనా సార్?" అంది. "అంతా అదేనమ్మా" అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు.

మన బరువు దాదాపు అంతా ప్రోటాన్లు, న్యూట్రాన్లదే. ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అందులోని మూడు క్వార్కులకు హిగ్స్ వల్ల వచ్చేది, కలిపితే, సుమారు 9. నూటికి ఒకటి! మిగతాది క్వార్కులను కట్టి ఉంచే బలమైన కేంద్రక బలం తాలూకు శక్తి. అందులో పెద్ద పాత్ర సౌష్ఠవం దానంతటదే చెదరడానిది.

ఇది నా వృత్తిలో రోజూ చూసేదే. గుండ్రటి బెత్తం (మాస్టార్లు నవ్వకండి) బల్లమీద నిలబెట్టి పైనుంచి నొక్కండి. లెక్క ప్రకారం అన్ని దిక్కులూ సమానమే. అయినా ఒత్తిడి హద్దు దాటగానే ఏదో ఒక వైపు విల్లులా వంగుతుంది. స్తంభాల విషయంలో మేం భయపడే బక్లింగ్ ఇదే. వంగిన బెత్తాన్ని ఇంకా వంచాలంటే కష్టం. ఆ వంపును చుట్టూ తిప్పడం మాత్రం తేలిక.

క్వార్కుకు ద్రవ్యరాశి లేదనుకుంటే, దాని ఎడమ చేతివాటం, కుడి చేతివాటం రూపాలు వేటికవే. అదీ సౌష్ఠవం. కానీ శూన్యమనుకునే చోట క్వార్కు, ప్రతిక్వార్కు జంటలు పేరుకుని ఆ రెంటినీ ముడివేస్తాయి. దాంతో క్వార్కు ప్రోటాన్‌లో మూడో వంతు బరువున్నట్టు నడుస్తుంది. బెత్తం వంపు తేలిగ్గా తిరిగినట్టే, ఇక్కడ తేలికైన కణం పయాన్: ప్రోటాన్‌లో ఏడో వంతే.

ఈ దారి చూపింది షికాగోలోని యోయిచిరో నంబు. 1957 నాటి అతివాహకత సిద్ధాంతం నుంచి ఆలోచన తీసుకుని, జోనా-లాసినియోతో కలిసి 1961లో రాశారు. అప్పటికి క్వార్కుల మాటే లేదు. 2008లో నోబెల్ వచ్చేనాటికి ఆయనకు 87 ఏళ్లు. స్టాక్‌హోంకు వెళ్లలేకపోతే ఆయన ఉపన్యాసం జోనా-లాసినియోయే చదివారు.

ఆ అమ్మాయి కూడా ఇప్పుడు పూర్వ విద్యార్థే. కమిటీ వారు ఆ బ్యాచ్‌కి ఈ సంచిక తప్పక పంపాలి. అమ్మా, నీ నలభై కిలోల్లో హిగ్స్ వాటా అరకిలో కూడా ఉండదు.