పుస్తకం దగ్గర అందరిదీ ఒకే చాప

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ వేదిక మీది నుంచి ఏటా మిమ్మల్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాం. పిల్లల ఫీజులకు, కుట్టు మిషన్లకు, ఆపరేషన్ ఖర్చులకు, రంజాన్ రేషన్‌కు. మీరు కాదనకుండా ఇస్తూనే ఉన్నారు. అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి. ఈరోజు నేను డబ్బు అడగడం లేదు. నెలకు ఒక్క ఆదివారం రెండు గంటలు అడుగుతున్నాను. మన సంఘం హాలులో ఏడాదిగా ఒక చిన్న పుస్తక చర్చా బృందం నడుస్తోంది. అందులోకి మీరు కూడా రావాలి. ఎందుకో చెప్తాను.

మనం స్కాలర్‌షిప్ ఇచ్చే పిల్లలను ఎప్పుడు చూస్తున్నాం? చెక్కులు పంచే రోజున. పేరు పిలుస్తాం. పిల్ల వస్తుంది, తల వంచుకుని కవరు తీసుకుంటుంది, ఫొటో దిగి వెళ్ళిపోతుంది. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద. దానంలో అది తప్పదు. కానీ ఏడాది పొడవునా మన మధ్య ఉన్నది ఆ ఒక్క నిమిషమే అయితే, ఆ పిల్ల మన ముందు నోరు విప్పేది ఎప్పుడు? ఇంట్లో చదువు మాన్పించాలని చూస్తున్నారని, పెళ్ళి మాటలు నడుస్తున్నాయని, తమ్ముడు బడి మానేసి మెకానిక్ షెడ్డుకు పోతున్నాడని మనకు చెప్పదు. మరుసటి ఏడు జాబితాలో పేరు లేనప్పుడు తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

పుస్తకం దగ్గర కూర్చున్నప్పుడు సంగతి వేరు. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు. కథ అందరి చేతిలోనూ ఒకటే. ఒక ఉదాహరణ చెప్తాను. వేంపల్లె షరీఫ్ గారి ‘జుమ్మా’ కథల పుస్తకానికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అందులో ‘జుమ్మా’ కథ చదువుకున్నాం. జుమ్మా నమాజుకు తప్పకుండా వెళ్ళమని కొడుకుకు చెప్పే తల్లి, హైదరాబాదు మక్కా మస్జిద్‌లో బాంబు పేలాక, వెళ్ళొద్దు నాయనా అంటుంది. మా బృందంలోని ఒక పెద్దాయన, ఆ తల్లి నమ్మకం సడలిపోయిందన్నారు. ఇంటర్ చదివే ఒక అమ్మాయి మెల్లగా అంది: “నమ్మకం సడలడం కాదు చాచా. మా అమ్మా అంతే. చదువుకోమంటుంది, బస్సు ఎక్కే వేళకు పోవద్దంటుంది. రెండూ ప్రేమతోనే అంటుంది.” ఆ పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నిజమే బేటీ, నాకు తట్టలేదు” అన్నారు.

ఆ మాటతో మాకు ఇంకో సంగతి తెలిసింది. ఆ అమ్మాయి సాయంత్రం బస్సులో ఒంటరిగా రావాల్సి వస్తోందని, అందుకే ఇంట్లో కాలేజీ మాన్పించే ఆలోచన ఉందని. అదే దారిలో వెళ్ళే మరో ఇద్దరు ఆడపిల్లల ఇళ్ళవాళ్ళతో మావాళ్ళు మాట్లాడారు. ఇప్పుడు ముగ్గురూ కలిసి వెళ్ళి వస్తున్నారు. దీనికి ఎవరి జేబులో నుంచీ ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. కావలసిందల్లా ఆమె మాట వినిపించే చోటు.

ఇక బృందం ఎలా నడుస్తుందో చెప్తాను. పది పన్నెండు మందిమి ఉంటాం. పెద్ద నవల పెట్టుకుంటే సగం మంది చదవకుండా వస్తారు, లేదా అసలు రారు. అందుకని ఒక్కొక్క కథతో మొదలుపెట్టాం. మొదటి అరగంట కథను పైకి చదువుతాం. చదవకుండా వచ్చినవాళ్ళకూ, చదవడం రానివాళ్ళకూ చోటుంటుంది. మన పెద్దల్లో చాలామందికి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గాని ఆ లిపి చదవలేరు. కాబట్టి ఒక నెల పిల్లలు తెలుగు కథ చదివి వినిపిస్తారు, మరో నెల పెద్దలు ఉర్దూ కథ చదివి వినిపిస్తారు. ఒకరికి ఒకరు కళ్ళు అరువిచ్చినట్టు.

నియమం ఒక్కటే. అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. జొహర్ తర్వాత మొదలుపెట్టి అసర్‌కు ముగిస్తాం. చీకటి పడకముందే ఆడవాళ్ళు ఇల్లు చేరతారు. చాయ్, బిస్కట్లు వంతుల వారీగా తెచ్చుకుంటాం. పక్క వీధి హిందూ సోదరులు కూడా వస్తారు. ఖదీర్‌బాబు గారి ‘దర్గామిట్ట కతలు’ చదివిన రోజు వాళ్ళూ మేమూ కలిసి నవ్వుకున్నాం. తర్వాత సలీం గారి నవల ‘కాలుతున్న పూలతోట’ను కొద్దికొద్దిగా చదవాలనుకుంటున్నాం. 2010లో సాహిత్య అకాడమీ అవార్డు పొందిన ఆ నవల ఎయిడ్స్ గురించినది. ఇళ్ళలో పైకి అనలేని జబ్బు గురించి పదిమందిలో మాట్లాడుకోవడానికి ఆ పుస్తకం దారి చూపుతుందని ఆశ.

పుస్తకాలకు డబ్బు కావాలి కదా అని మీరు అడగవచ్చు. మీరు ఇప్పటికే కడుతున్నారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది. మన శాఖా గ్రంథాలయంలోని పుస్తకాలు ఆ సొమ్ముతో కొన్నవే. వాటిని తీసేవాళ్ళు లేక దుమ్ము పడుతున్నాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి కృష్ణా కాలువ మీద ఊరూరికీ పంపించారు. మనకు పడవ అక్కర్లేదు, నాలుగు వీధులు నడిస్తే చాలు.

పుస్తకాలతో కడుపు నిండుతుందా అని కొందరు అంటారు. నిండదు. రేషన్ కిట్లు ఆపమని నేను చెప్పడం లేదు. ఆ కిట్టు అందుకునే ఇంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే, మీరు ఇచ్చే రూపాయి సరైన చోటికి చేరుతుందని చెప్తున్నాను. అది తెలిసేది ఫారంలో నింపిన వివరాలతో కాదు, పక్కన కూర్చుంటే.

వచ్చేటప్పుడు ఒక్క మనవి. చెప్పులతో పాటు ‘దాత’ అన్న పేరును కూడా గుమ్మం దగ్గరే విడిచి రండి. అక్కడ వేదిక ఉండదు, శాలువా ఉండదు, పెద్దలకు వేరే కుర్చీలు ఉండవు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి తప్ప.

వచ్చే నెల రెండో ఆదివారం కూర్చుంటున్నాం. చదవబోయే కథ జిరాక్సు ప్రతులు గేటు దగ్గర బల్ల మీద పెట్టాం. ఎనిమిది పేజీలే. వెళ్ళేటప్పుడు ఒకటి మీకు, ఒకటి ఇంట్లో వాళ్ళకు తీసుకెళ్ళండి. ఖుదా హాఫిజ్.