చేరదీసిన కుక్క నడత మారినప్పుడు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



వీథిలో దిక్కులేక తిరుగు కుక్కపై జాలిపడి ఇంటికి తెచ్చుకొన్నవారు మీలో పలువురుందురు. అది మెచ్చదగిన పని. కాని కొన్ని నెలలు గడచిన పిమ్మట, అంతవరకు సాధువుగా మెలగిన కుక్క హఠాత్తుగా గుర్రుమనును, మంచముక్రింద దాగును, అన్నము ముట్టదు. అప్పుడు కొందరు “కుక్క తోక వంకర” అని సామెత చెప్పి, దానిని మరల వీథిపాలు చేయుదురు. ఈ సామెత తోకకు చెల్లునేమోగాని నడతకు చెల్లదు. నోరులేని జీవికి నడతయే భాష. ఆ భాష మారినచో, అది యేమి చెప్పుచున్నదో తెలిసికొనుట మన విధి.

మొదట శంకింపవలసినది వ్యాధి. చెవిలో చీముపట్టిన కుక్క తల నిమిరినంతనే పళ్లు చూపును. పంటినొప్పి గలది గిన్నెయొద్దకు వచ్చియు తినలేక మరలిపోవును. పిడుదుల వలన వచ్చు జ్వరము ఆకలిని, హుషారును హరించును. ముసలికుక్కకు చూపును, వినికిడియు తగ్గును. నిదురలో తాకినచో ఉలికిపడి కరవవచ్చును. వీనిలో ఏదియు దుర్బుద్ధి కాదు. కావున కర్ర పట్టుటకు బదులు పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను. మార్పు ఏనాడు, ఏవేళ, ఏమి జరిగిన పిమ్మట కలిగినదో నోటుపుస్తకములో వ్రాసియుంచినచో వైద్యునకు మిక్కిలి సాయమగును.

వ్యాధి లేదని తేలినచో భయమును వెదకవలెను. ఒకప్పుడు కర్రదెబ్బలు తిన్న కుక్క మనము గొడుగెత్తినను వణకును. దీపావళి టపాకాయల మ్రోతకు బెదరినది కొన్నాళ్లు గడప దాటదు. క్రొత్తగా వచ్చినది తొలి వారములలో అణగియుండి, ఇల్లు అలవాటైన తరువాతనే తన భయములను బయటపెట్టుటయు కలదు. అట్టిదానిని మంచముక్రిందనుండి ఈడ్వరాదు. తానై వచ్చువరకు ఓపిక పట్టవలెను. తిండియు, షికారును ప్రతిదినము ఒకే వేళకు జరుగవలెను. గొడుగును అది బెదరనంత దూరమున ఉంచి, ఇష్టమైన తిండి పెట్టి, దినదినము కొంచెముగా దగ్గరకు తేవలెను.

గుర్రుమనుట నేరము కాదు, హెచ్చరిక. కొట్టి మాన్పించినచో భయము పోదు, హెచ్చరిక మాత్రమే పోవును. అటుపిమ్మట కుక్క చెప్పకయే కరచును.

ఇక ఒక్క సందర్భమున జాలికంటె జాగ్రత్త ముందు. నడత మారుటతోపాటు చొంగ కారుట, గొంతు మారుట, దవడ వ్రేలాడుట, కారణము లేక మీదపడుట కనిపించినచో రేబీస్ వ్యాధిని శంకింపవలెను. పిల్లలు దగ్గరకు పోరాదు. నోటిలో చేయి పెట్టరాదు. పెద్దలకు చెప్పి పశువైద్యునకు కబురంపవలెను. కరచినను, గీరినను గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు పూయరాదు. ఆనాడే ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నిటను పూర్తిచేసికొనవలెను. గాయము లోతైనచో రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడ అవసరము. లక్షణములు బయటపడిన పిమ్మట ఈ వ్యాధికి దాదాపు మరణమే గతి. అంతకుముందే మేల్కొన్నచో నివారింపవచ్చును. 1885 లో లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ అను బాలునకు టీకా వేసినది మొదలు లోకమునకు తెలిసిన సత్యమిది. మన నీలగిరులలోని కూనూరున 1907 లోనే ఈ చికిత్సకై పాశ్చర్ సంస్థ వెలసినది.

విద్యార్థులారా! నడత మారిన కుక్కను వీథిలో విడిచినచో దాని బాధ తీరదు. మన యింటి ప్రమాదము మరియొకరి బిడ్డ పాలగును. సంవత్సరమున కొకసారి టీకా వేయించుట, మార్పును కనిపెట్టుట, కొట్టక కారణము వెదకుట — ఈ మూడును చేయగలవాడే కుక్కను చేరదీయుటకు అర్హుడు. ఒకమారు నమ్మి మన గడపలోనికి వచ్చిన ప్రాణికి రెండవమారు వీథి చూపకుందురు గాక యని కోరుచున్నాను.