ఇల్లు సర్దుకుందాం, ఫోటో తీసి దాచుకుందాం

(కాశీబుగ్గలో జరిగిన సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడిన పాఠం)



పొదుపు గురించి, అప్పుల రికవరీ గురించి పొద్దున్నించి చాలా విన్నారు. ఆ లెక్కలన్నీ రిపోర్టులో ఉన్నాయి. నాకిచ్చిన కాసేపట్లో ఇంటి గురించి రెండు మాటలు చెప్తాను. మన ఇల్లు ఎలా సర్దుకుంటే మంచిది, ఆ ఇంటిని ఫోన్లో ఫోటోలు తీసి ఎందుకు దాచుకోవాలి అన్నది నా విషయం. "ఇల్లు సర్దుకోవడం మాకు ఒకరు నేర్పాలా" అని ముందు వరసలో నవ్వుతున్నారు. నేర్పడానికి రాలేదమ్మా. సంఘంలో పుస్తకాలు రాసే పద్ధతిని ఇంట్లో కూడా పెట్టుకుందాం అని అడగడానికి వచ్చాను.

ఒక్కసారి మీ ఫోన్లో ఫోటోలు గుర్తు తెచ్చుకోండి. పెళ్ళి ఫోటోలుంటాయి, పండగ ఫోటోలుంటాయి, మనవడి పుట్టినరోజు ఉంటుంది, అమ్మవారి జాతర ఉంటుంది. మీ ఇల్లు మామూలుగా ఉన్న రోజు తీసిన ఫోటో ఉందా? వంటగది, బియ్యం డబ్బాలు, దండెం మీద బట్టలు, పెరట్లో కొబ్బరి చెట్లు, పశువుల పాక, ఇవి ఎవరి దగ్గరున్నాయి? చాలామంది దగ్గర ఉండవు. రోజూ చూసేదానికి ఫోటో ఎందుకు అనుకుంటాం. ఆ రోజూ చూసేదే పోయినప్పుడు తెలుస్తుంది.

తిత్లీ మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, టెక్కలి, ఎటు చూసినా ఒకటే పరిస్థితి. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు, జీడి చెట్లు లక్షల్లో నేలమీద పడున్నాయి. రేకులు ఎగిరిపోయాయి, గోడలు కూలిపోయాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు.

ఆ తర్వాత నష్టం రాసుకోవడానికి మనుషులు వచ్చారు. ఇల్లు పూర్తిగా పోయిందా, కొంత పోయిందా, గుడిసా, పక్కా ఇల్లా, ఎన్ని చెట్లు పోయాయి, పశువులు ఎన్ని అని అడుగుతారు. అప్పుడు మన పరిస్థితి ఏమిటి? ఏడుపులో ఉంటాం. చెట్లు కోసీసి దారి చేసుకుంటాం, తడిసిన సామాను బయట పారేస్తాం, రేకు ముక్కలు ఏరి మళ్ళీ పైన కప్పుకుంటాం. పిల్లలు తడుస్తుంటే ఎవరొచ్చి చూస్తారో అని ఆగలేం కదా. రాసుకునేవాళ్ళు వచ్చేసరికి పోయిన సామాను అక్కడ ఉండదు. ఉన్నదేదో నోటిమాటే.

ఫోటో ఉంటేనే డబ్బులొస్తాయని నేను అనటం లేదు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది ప్రభుత్వం లెక్క ప్రకారం ఉంటుంది. కానీ జాబితాలో పేరు లేదనుకోండి, పక్కా ఇంటిని గుడిసె అని రాశారనుకోండి, సోమవారం గ్రీవెన్సుకి వెళ్ళి అర్జీ పెట్టేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. తుఫానుకి నెల ముందు ఇల్లు ఇలా ఉంది, తర్వాత ఇలా అయింది అని రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే మన మాటకి బలం వస్తుంది. సంఘంలో తీర్మానం పుస్తకం లేకుండా నోటితో చెప్తే బ్యాంకు వాళ్ళు ఒప్పుకుంటారా? ఇదీ అంతే.

తుఫాన్లు ఏ నెలలో వచ్చాయో చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. గులాబ్ 2021 సెప్టెంబరు 26 రాత్రి, కళింగపట్నం దగ్గర. అంటే దసరా చుట్టుపక్కల మనకి గండం. దసరాకి ఎలాగూ ఇల్లు దులుపుతాం. సంక్రాంతికి సున్నాలు వేస్తాం. కాబట్టి కొత్త పని పెట్టుకోనక్కర్లేదు. వినాయక చవితి వెళ్ళగానే ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, దులిపిన రోజే ఫోటోలు తీసీసుకుంటే సరిపోతుంది.

ఎలా తీయాలో చెప్తాను. పెద్ద విద్య కాదు.

ముందు ఫోను వెనక అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. వంటింట్లో పట్టుకున్న ఫోనుకి నూనె అంటుకుని ఫోటో మసగ్గా వస్తుంది. పొద్దున్న ఎండ ఇంట్లోకి వచ్చే వేళ తలుపులు, కిటికీలు తీసి తీయండి. వెలుతురు మీ వెనక నుంచి రావాలి, ఎదురుగా ఉంటే గది చీకటిగా పడుతుంది. ఫోను అడ్డంగా పట్టుకుని, గుమ్మంలో నిలబడి గది మొత్తం ఒకటి తీయండి. తర్వాత ఎదురు మూలకి వెళ్ళి గుమ్మం వైపు ఒకటి. ఇలా గదికి రెండు. బయటికి వచ్చి ఇంటికి నాలుగు వైపులా నాలుగు. పైకప్పు కనపడాలి. ఇంటి నంబరు ఉంటే అది కూడా పడాలి. పెరడు, పాక, బోరు, కుట్టుమిషను, టీవీ, ఫ్రిజ్, సంఘం అప్పుతో కొన్నది ఏదైనా సరే, ఒక్కొక్కటి విడిగా తీయండి. చెట్లయితే వరస కనపడేలా తీసి, ఎన్ని కొబ్బరి, ఎన్ని జీడి, ఎన్ని పనస అని ఒక కాగితం మీద రాసి ఆ కాగితం కూడా ఫోటో తీయండి.

తీసినవి ఒక్క ఫోన్లోనే ఉంచొద్దు. ఫోను నీళ్ళలో పడితే అన్నీ పోయినట్టే. మన ఉద్దానంలో ఇంటికొకరు పైఊళ్ళో ఉంటారు. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న కొడుక్కో కూతురికో పంపండి. వాళ్ళ దగ్గర ఒక కాపీ ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. పెళ్ళి ఫోటో చూస్తే వాళ్ళు సంతోషిస్తారు గాని, అమ్మ అరుగు మీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తున్న ఫోటో చూస్తే ఆ పూటే ఫోన్ చేస్తారు.

ఇప్పుడు సర్దుకోవడం గురించి. ఫోటో తీసినరోజు సాయంత్రం తీరిగ్గా కూర్చుని ఆ ఫోటోలు పెద్దవి చేసి చూడండి. రోజూ చూసే ఇంట్లో మన కంటికి ఆననివి ఫోటోలో కనపడతాయి. పురుగుమందు డబ్బా పచ్చడి జాడీ పక్కన ఉంటుంది. చిన్నగుంటలకి అందే ఎత్తులో మాత్రలుంటాయి. తెగిన వైరు తడి గోడకి వేలాడుతూ ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకం వాన కారే చోట అటక మీద ఉంటుంది. ఈ నాలుగూ ముందు సరిచేయండి. మిగతాది నెమ్మదిగా చేసుకోవచ్చు.

కాగితాలకి ఒక చోటు పెట్టుకోండి. ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకాలు, ఇంటి పట్టా, సంఘం పాసుబుక్కు, బీమా కాగితం, పిల్లల సర్టిఫికెట్లు. అన్నీ ఒక మందపాటి ప్లాస్టిక్ కవర్లో వేసి, మూత గట్టిగా పడే రేకు డబ్బాలో పెట్టండి. నేల మీద వద్దు, చెదలు, నీళ్ళు. అటక మీద వద్దు, రేకు లేస్తే ముందు పోయేది అదే. గోడలో గూడు మంచిది. తుఫాను హెచ్చరిక వచ్చి షెల్టరుకి వెళ్ళమన్నప్పుడు ఆ ఒక్క డబ్బా చంకన పెట్టుకుని నడిచేలా ఉండాలి. అది ఎక్కడుందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి, పదేళ్ళ పిల్లకి కూడా.

రెండో డబ్బా మందులది. ఇది మన ఉద్దానానికి మరీ ముఖ్యం. కిడ్నీ జబ్బు లేని వీధి మన దగ్గర ఎక్కడుంది? పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఆసుపత్రి దగ్గరికొచ్చినా కాగితం లేకపోతే డాక్టరు గారు ఏం చూస్తారు? క్రియాటినిన్ ఈ రోజు ఎంతుందో ఒక్కటే చాలదు. ఆరు నెలల కిందట ఎంత, ఏడాది కిందట ఎంత, పెరుగుతోందా, ఆగిందా అన్నది చూస్తారు. కాబట్టి ప్రతి రిపోర్టూ తారీకు వరసలో పెట్టండి. వచ్చిన రోజే ఫోటో తీయండి, ఎందుకంటే కొన్ని కాగితాల మీద అచ్చు కొన్నాళ్ళకి మాసిపోతుంది. వాడుతున్న మాత్రల అట్ట పేరు కనపడేలా ఫోటో తీయండి. ఒంటినొప్పులకి కొట్లో అడిగి నొప్పి మాత్రలు వేసుకునే అలవాటు మనకుంది, అవి కిడ్నీకి చేటు చేస్తాయి. డాక్టరు గారికి ఆ అట్ట కూడా చూపించండి.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్ సంగతి చెప్తాను. అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న దళిత మహిళలు వీడియో కెమెరా పట్టుకోవడం నేర్చుకుని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. 2008లో సంఘం రేడియో కూడా మొదలుపెట్టారు. బడి మెట్లు ఎక్కనివాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళు షాట్లకి వాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. పైనుంచి కిందకి తీస్తే అది పటేల్ షాట్, దొర మనల్ని చూసే చూపు. కంటికి కన్ను సమానంగా తీస్తే సంఘం షాట్. మీరు కూడా సంఘం షాటే తీయండి. కూర్చుని పనిచేసే అత్తగారిని తీయాలంటే మీరూ కూర్చోండి.

చైనాలో యునాన్ అనే రాష్ట్రంలో కూడా 1990ల మొదట్లో 62 మంది పల్లె ఆడవాళ్ళకి కెమెరాలిచ్చి మీ రోజువారీ బతుకు ఫోటోలు తీయండి అన్నారు. తల్లి పొలంలో పనిచేస్తుంటే గట్టున ఒంటరిగా ఉన్న పసిబిడ్డల ఫోటోలు వచ్చాయి. ఆ ఫోటోలు చూశాక పిల్లల్ని చూసుకునే కేంద్రాల గురించి అధికారులు ఆలోచించారు. మామూలు రోజు ఫోటోకి అంత బలం ఉంది.

ఫోటోలో ఇంకొకటి కూడా కనపడుతుంది. ఇంట్లో పని ఎవరు చేస్తున్నారో! 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు చేసేవారు, అంటే దాదాపు ఐదు గంటలు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. జీడి ఫ్యాక్టరీలో పొద్దంతా పప్పు ఒలిచి వచ్చి, మళ్ళీ ఇల్లంతా మీరొక్కరే సర్దమని నేను అనను. ఆ రేకు డబ్బా బాధ్యత ఆయనకివ్వండి. మందుల డబ్బా కొడుక్కివ్వండి. ఇల్లు అందరిదైనప్పుడు సర్దడం కూడా అందరిదీ.

చివరికి ఒక హెచ్చరిక. ఫోన్లో ఇన్ని ఫోటోలున్నాక ఫోనుకి కూడా తాళం ఉండాలి. ఐదు నిమిషాల్లో అప్పిస్తాం అని ఏవో యాప్‌లు వస్తాయి. అవి వేసుకునేటప్పుడు మీ ఫోటోలు చూడొచ్చా, మీ ఫోన్ నంబర్లు చూడొచ్చా అని అడుగుతాయి. సరే అని నొక్కితే ఇంటి ఫోటోలన్నీ ఎవడి చేతికో వెళ్ళిపోతాయి. ఆ ఫోటోలు మార్చి బెదిరించి ఏడిపించిన సంగతులు మన రాష్ట్రంలో ఎన్నో జరిగాయి. అప్పు కావాలంటే సంఘం ఉంది, స్త్రీనిధి ఉంది. ఆధార్ ఫోటో గ్రూపుల్లో పెట్టొద్దు. డబ్బు మోసం జరిగితే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి.

నేను కోరేది ఒక్కటే. ఈ చవితి తర్వాత వచ్చే మొదటి గ్రామ సంఘం మీటింగులో దీన్ని అజెండాలో రాయండి. ఎన్ని ఇళ్ళకి ఫోటోలు అయ్యాయి, ఎన్ని ఇళ్ళలో రేకు డబ్బా ఉంది అని పుస్తకంలో ఎక్కించండి. ఫోను లేని ముసలమ్మ ఇంటికి, ఒంటరి ఆడమనిషి ఇంటికి ముందు వెళ్ళండి. అక్టోబరు రాకముందే ఈ పని అయిపోవాలి.